‘సాలు’ అన్న మాట

పొద్దున పదకొండు కావస్తోంది. బెంగళూరు శివార్లలో ఒక హోమ్. హాల్లో చాపల మీద పద్నాలుగు మంది కూర్చుని తువ్వాళ్ళు మడత పెడుతున్నారు. గోడవార కూర్చున్న పంతొమ్మిదేళ్ళ అబ్బాయి నాలుగో తువ్వాలు మడిచి పక్కన పెట్టాడు. ఐదోది అందించగానే విసిరికొట్టాడు. మళ్ళీ అందించారు. ఈసారి కుడి మణికట్టు నోట్లో పెట్టుకుని బలంగా కొరికాడు. అక్కడి చర్మం ఎప్పుడో కాయకట్టి నల్లబడిపోయింది. ఆయా పరుగున వచ్చి, ‘కూత్కో చిన్నా’ అని కన్నడంలో బుజ్జగిస్తూ, మెత్తటి చీరపేలికతో రెండు చేతులూ కలిపి కట్టింది. తువ్వాళ్ళ బుట్ట పక్కకు జరిగింది. హాలు సద్దుమణిగింది. మధ్యాహ్నం భోజనం దాకా ఆ కట్టు అలాగే ఉంది.

ఈ అబ్బాయి ఏ ఒక్కరూ కాదు. మేధో వైకల్యం, ఆటిజం ఉన్న ఎందరిలోనో కనిపించే సంగతులు పోగుచేసి ఈ అధ్యాయం కోసం నేను అల్లుకున్న మనిషి. హిందూపురం వైపు పల్లెలో పుట్టాడనుకుందాం. తండ్రి పోయాక తల్లి ఒక్కతే చూసుకోలేక, ఏడాది కిందట ఇక్కడ చేర్పించింది. ఆయాది విజయపుర జిల్లా. రాత్రి కాపలా ఉండే కుర్రవాడిది ఝార్ఖండ్. బెంగళూరులో ఏ వీధిలో నిలబడినా తెలుగు చెవినపడుతుంది గానీ, ఆ హాల్లో మాత్రం తెలుగు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఆ పదకొండు గంటల ఘటనను ఇప్పుడు ఇంకోసారి నిదానంగా చూద్దాం. మూడు గళ్ళు గీసిన నోటుపుస్తకం ఉంటే సరిపోతుంది. మొదటి గడిలో, ముందు ఏం జరిగింది: ఐదో తువ్వాలు ఇచ్చారు. రెండో గడిలో, అతను ఏం చేశాడు: విసిరాడు, కొరుక్కున్నాడు. మూడో గడిలో, తర్వాత ఏమైంది: చేతులు కట్టారు, తువ్వాళ్ళు తీసేశారు. ఒక్కసారి రాస్తే ఇందులో తెలిసేదేమీ లేదు. రెండు వారాలపాటు జరిగిన ప్రతిసారీ రాస్తే మాత్రం మూడో గడిలో ఒకే సంగతి మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. తల తిప్పుకుంటే పని ఆగడం లేదు. విసిరితే ఆగడం లేదు. కొరుక్కుంటేనే ఆగుతోంది. ‘ఇంక నావల్ల కాదు’ అని చెప్పడానికి ఆ హాల్లో అతనికి పనికొస్తున్న మాట అదొక్కటే.

అదే పుస్తకాన్ని ఆయా వైపు నుంచి రాసి చూడండి. ముందు జరిగింది: అరుపు, రక్తం, మిగతా పదమూడు మంది బెదురు. ఆమె చేసింది: కట్టడం. తర్వాత: నిశ్శబ్దం. కట్టిన ప్రతిసారీ ఆమెకు అప్పటికప్పుడే ఊరట. ఒక బాధ తొలగిపోవడం వల్ల, దాన్ని తొలగించిన పని అలవాటుగా బలపడడాన్ని మనస్తత్వ శాస్త్రంలో రుణాత్మక పునర్బలనం అంటారు. అతనికి కొరకడం అలా బలపడింది, ఆమెకు కట్టడం అలాగే బలపడింది. ఇద్దరూ తెలియకుండానే ఒకరికొకరు నేర్పుకున్నారు. ఆమె క్రూరురాలయితే ఉద్యోగంలోంచి తీసేస్తే తీరిపోయేది. ప్రేమగా చూసే మనిషి చేతుల్లోంచే ఈ కట్టు పుడుతోంది కాబట్టి, దీన్ని విప్పడానికి తిట్టడం పనికిరాదు. ఎలా పుట్టిందో తెలుసుకోవాలి.

కట్టు అంటే తాడో గుడ్డో మాత్రమే అనుకోవద్దు. నలుగురు కలిసి ఒడిసిపట్టి నేలకు అదిమిపెట్టడం ఒకటి. నడుముకు బెల్టు వేసి కుర్చీకి బిగించడం ఒకటి. గదిలో పెట్టి బయట గడియ వేయడం, జబ్బు కోసం కాకుండా మనిషి మెదలకుండా పడి ఉండడం కోసం మందు వేయడం, వంటగదికీ గేటుకీ ఎప్పుడూ తాళం ఉంచడం, ఇవన్నీ ఆ కోవలోవే. ఆస్ట్రేలియా తన జాతీయ వైకల్య బీమా పథకంలో ఈ అయిదింటినీ నిర్బంధ చర్యలుగా పేరుపేరునా రాసుకుంది. 2018 నుంచి అక్కడ వీటిని వాడిన సంస్థ ఆ సంగతి నియంత్రణ సంస్థకు చెప్పుకోవాలి, ఎందుకు వాడిందో, ఎలా తగ్గిస్తుందో ఒక ప్రణాళిక చూపాలి. మన ఇళ్ళలో వీటిలో చాలావాటిని జాగ్రత్త అంటాం.

కట్టే ముందు ఎందుకని అడిగే దారికి శాస్త్రం చేరుకున్న కథ అంత గొప్పగా మొదలు కాలేదు. 1960లలో అమెరికాలో ఐవార్ లోవాస్ వంటి మనస్తత్వ శాస్త్రజ్ఞులు, తల గోడకు కొట్టుకునే పిల్లలకు కరెంటు షాకు ఇచ్చి ఆపించారు. ఆగేది కూడా. ఆగిందన్నది నిజమే కాబట్టి చాలాకాలం అదే చికిత్సగా చెలామణీ అయింది. ఆ పిల్లలు తల ఎందుకు కొట్టుకుంటున్నారన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోయింది. 1977లో ఎడ్వర్డ్ కార్ అనే పరిశోధకుడు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ తిరగేసి, తమను తాము గాయపరచుకోవడం వెనక ఒకే కారణం లేదని, ఒక్కొక్కరిలో ఒక్కో ప్రయోజనం ఉండవచ్చని చెప్పాడు. అయిదేళ్ళకు, 1982లో, బాల్టిమోర్‌లో బ్రయాన్ ఇవాటా బృందం దాన్ని పరీక్షించి చూసింది.

ఆ పరీక్ష ఎంత తేలికైనదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తొమ్మిది మందిని తీసుకున్నారు. ఒక్కొక్కరినీ కాసేపు చొప్పున నాలుగు రకాల పరిస్థితుల్లో ఉంచారు. ఒకదాంట్లో గాయపరచుకున్నప్పుడు మాత్రమే పెద్దవాళ్ళు దగ్గరికొచ్చి ‘అలా చేయకు’ అంటారు. ఒకదాంట్లో కష్టమైన పని చెప్పి, గాయపరచుకోగానే ఆ పని ఆపేస్తారు. ఒకదాంట్లో ఒంటరిగా వదిలేస్తారు. ఇంకొకదాంట్లో బొమ్మలు, ఆటలు, పలకరింపులు, అడిగేదేమీ ఉండదు. తొమ్మిదిమందిలో ఆరుగురికి ఏదో ఒక పరిస్థితిలోనే గాయాలు ఎక్కువయ్యాయి. ఆ పరిస్థితి అందరికీ ఒకటే కాదు. ఒకరు పలకరింపు కోసం, ఒకరు పని తప్పించుకోవడానికి, ఇంకొకరు ఎవరూ లేనప్పుడు కూడా ఆ తాకిడి కోసమే. చూసేవాళ్ళకు దెబ్బ ఒకేలా కనిపిస్తుంది, అడుగుతున్నది మాత్రం వేరు.

1985లో కార్, మార్క్ డ్యురాండ్ కలిసి తర్వాతి అడుగు వేశారు. దెబ్బతో అడుగుతున్న దాన్నే మాటతో అడగడం నేర్పారు. పని కష్టమై అల్లరి చేసే పిల్లలకు సాయం అడగడం, పలకరింపు కోసం చేసేవాళ్ళకు నేను బాగా చేస్తున్నానా అని అడగడం. సరైన మాట నేర్పినచోట అల్లరి తగ్గింది. ఆ పిల్లల అవసరానికి సంబంధం లేని మాట నేర్పినచోట తగ్గలేదు. నొప్పీ అవమానమూ వాడకుండా, మనిషి బతుకునీ చుట్టూ ఉన్న పరిస్థితులనీ మార్చే ఈ పద్ధతికి 1990 నాటికి సానుకూల ప్రవర్తన తోడ్పాటు అన్న అర్థం వచ్చే పేరు స్థిరపడింది.

ఇది ఎక్కడో విదేశాల్లో పుట్టిన వ్యవహారం, మనకు కొత్త అని ఎవరైనా అంటే ఒప్పుకోను. 1984లో సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ వెలిసింది. అక్కడ పనిచేసిన రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ 1992లో భారతీయ పిల్లల కోసమే ఒక ప్రవర్తన కొలమానం తయారుచేశారు. దాని రెండో భాగంలో సమస్యగా అనిపించే 75 ప్రవర్తనలు పది విభాగాలుగా ఉన్నాయి: హింస, మొండితనం, తనను తాను గాయపరచుకోవడం, భయాలు, ఇలా. ఆ ఏడాదే వాళ్ళు టీచర్ల కోసం తెచ్చిన కరదీపికలో కూడా ఇదే మాట: ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది చూడకుండా పిల్లవాడిని సరిదిద్దబోకండి. మూడు దశాబ్దాలు దాటింది. ఆ పుస్తకం చదివి డిప్లొమా పుచ్చుకున్న స్పెషల్ టీచర్లు దక్షిణాదిన వేలల్లో ఉంటారు. కానీ పద్నాలుగు మందికి ఒక ఆయా ఉన్న హాల్లో నోటుపుస్తకం పట్టే చెయ్యి ఎవరిది?

చెయ్యి ఖాళీ లేనప్పుడు మాత్ర వస్తుంది. మన అబ్బాయికి కూడా రెండు మాత్రలు నడుస్తున్నాయి, ఒకటి ఉద్రేకం తగ్గించడానికి, రెండోది ఆ మొదటి మాత్ర తెచ్చే బిగుసుకుపోవడం, వణుకు తగ్గించడానికి. రెండోదానివల్ల నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది. కడుపు నొప్పిని మాటల్లో చెప్పలేని మనిషి తలబాదుకుంటాడు. తలబాదుకుంటే మోతాదు పెరుగుతుంది. ఈ గుండ్రం తిరుగుడు ఎక్కడ తెంపాలో తెలియాలంటే ఎవరో ఒకరు ‘విరేచనం ఎప్పుడైంది?’ అని అడగాలి. సానుకూల ప్రవర్తన తోడ్పాటులో మొట్టమొదటి పని ఇదే: పన్ను, చెవి, కడుపు, నిద్ర చూడడం, ఆడపిల్లలయితే నెలసరి నొప్పి చూడడం. ప్రవర్తన అని పేరు పెట్టే ముందు నొప్పి కాదని తేల్చుకోవడం.

2008లో ‘లాన్సెట్’ పత్రికలో పీటర్ టైరర్ బృందం అచ్చువేసిన ఒక పరీక్ష గురించి ఇక్కడ చెప్పకతప్పదు. మేధో వైకల్యం ఉండి, ఉన్మాదం వంటి మానసిక జబ్బు లేకుండా, దాడి చేసే స్వభావం ఉన్న 86 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు రిస్పెరిడోన్, ఒక గుంపుకు హాలోపెరిడాల్, మూడో గుంపుకు మందేమీ లేని ఉత్తి మాత్ర. నాలుగు వారాల్లో దాడి మూడు గుంపుల్లోనూ తగ్గింది. రిస్పెరిడోన్ గుంపులో 58 శాతం, హాలోపెరిడాల్‌తో 65 శాతం, ఉత్తి మాత్రతో 79 శాతం. ఉత్తి మాత్రే గొప్పదని తేల్చేంత తేడా కాదది. మందులు ఉత్తి మాత్రకంటే నయమని చెప్పే ఆధారం మాత్రం దొరకలేదు. మందులు అక్కర్లేదని నేను అనడం లేదు. మానసిక జబ్బు ఉన్నచోట అవి ప్రాణం నిలబెడతాయి. జబ్బు లేనిచోట సిబ్బంది కొరతకు మందు వేయడం మాత్రం వైద్యం కాదు. తగ్గించాలంటే కూడా డాక్టరు చేతిమీదుగా, కొద్దికొద్దిగానే.

ఇప్పుడు ఆ మరిచిపోవద్దన్న సంగతి దగ్గరికి వద్దాం. హోమ్‌లో నెలకు రెండుసార్లు వచ్చే స్పెషల్ టీచరు, పుస్తకంలో రెండు వారాల గళ్ళు నిండాక, తల్లికి ఫోన్ చేయించి పిలిపించింది. అడిగింది ఒక్కటే: ‘అమ్మా, ఇంట్లో ఉన్నప్పుడు వద్దనడానికి ఏం చేసేవాడు?’

తల్లి ఆలోచించనైనా లేదు. ‘సాలు అనేవాడు మేడం. అన్నం ఎక్కువైనా సాలు, తలకు నీళ్ళు పోసినా సాలు. వాడికొచ్చిన నాలుగు మాటల్లో అదొకటి.’

చాలు అనేది మా సీమ పల్లెల్లో సాలు అవుతుంది. ఆయా పక్కనే ఉంది. టీచరు ఆ మాటకు అర్థం చెప్పగానే ఆమె మొహం మారిపోయింది. మొదట్లో వాడు నిజంగానే ఆ మాట అనేవాడు, ఆమె విన్నది. కన్నడంలో సాలు అంటే వరస. తువ్వాళ్ళు వరసగా పేర్చమంటున్నాడనుకుని ఆమె ఇంకో తువ్వాలు ఇచ్చేది. కన్నడంలో చాలు అనడానికి సాకు అంటారు. ఆ మాట అతనికి రాదు. కొన్ని వారాలు అన్నాడు, ఫలితం లేదు, మానేశాడు. కొరకడం అప్పుడు మొదలైంది.

నేను కల్పించిన ఘటనే. అయినా భాష మారిన ఊళ్ళో బడిలో చేరిన పిల్లలకు, వలస వచ్చిన సిబ్బంది మధ్య బతికే పెద్దలకు, ఇలాంటివి జరగకుండా ఉంటాయని నేననుకోను. మన దేశంలో పెద్ద బలం ఇక్కడే ఉందని నా నమ్మకం. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను పిలిపించి ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేయించి ఉంచాడు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల కుటుంబాలతో కలిసి ఉండే వార్డులు నడిపింది. బెంగళూరు నిమ్హాన్స్‌లో, 1954లో వెలసిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ, అంతకు ముందునుంచీ ఉన్న మైసూరు సంస్థానపు మానసిక ఆసుపత్రి 1974లో కలిసి ఏర్పడ్డ ఆ సంస్థలో, రోగి పక్కన ఇంటిమనిషి ఉండడం మామూలు సంగతి. అనంతపురం, చిత్తూరు, కర్నూలు నుంచి వచ్చినవాళ్ళు క్యారియర్లు, దుప్పట్లు పట్టుకుని అక్కడ చెట్ల కింద కూర్చుని ఉంటారు. వాళ్ళ దగ్గర ఏ కేసు షీటులోనూ లేని నిఘంటువు ఉంటుంది. ఈ మూలుగు ఆకలిది, ఈ గెంతు సంతోషానిది, ఈ మాటకు మా ఇంట్లో ఈ అర్థం. మనిషి హోమ్‌కి మారినప్పుడు సామాను పెట్టెతో పాటు ఆ నిఘంటువు కూడా రావాలి. సాధారణంగా రాదు.

నోటుపుస్తకం మరో సంగతి కూడా చెప్పింది. కొరకడం దాదాపు రోజూ పదకొండు దగ్గర్లోనే. ఆదివారాలు మాత్రం పన్నెండున్నరకి. హాలు వెనకే వంటగది. రోజూ పదకొండుకు రెండు పెద్ద కుక్కర్లు కూతపెడతాయి, ఆదివారం వంట ఆలస్యం. కుక్కర్ కూత మనకు భోజనం కబురు. కొందరు ఆటిజం ఉన్నవాళ్ళకు అది చెవిలో సూది. అప్పటికే విసుగెత్తిన పనిలో ఆ కూత కలిస్తే ఓపిక తెగుతుంది. చేసిన మొదటి మార్పు అతనిలో కాదు, అతను కూర్చునే చోటులో. పదకొండుకు వరండా చివరికి, మొక్కల దగ్గరికి పంపారు. నీళ్ళ పైపు పట్టుకోవడం అతనికి ఇష్టమని తల్లే చెప్పింది.

రెండో మార్పుకు ఓపిక కావాలి. మూడో తువ్వాలు మడవగానే, అంటే ఇంకా విసుగు రాకముందే, ఆయా అతని అరచేతిని తన అరచేతితో ఆపుతూ ‘సాలు?’ అని అడుగుతుంది. అతను అరచెయ్యి చూపితే, ఆ మాట సగం పలికినా, ఆ క్షణమే బుట్ట తీసేయాలి. ‘ఇంకొక్కటి మడిచి వెళ్ళు’ అనకూడదు. అంటే ఆ మాట మళ్ళీ చచ్చిపోతుంది. కొరకడం కంటే మాట తేలికగా, త్వరగా, నమ్మకంగా పనిచేస్తుందని రుజువయ్యాకే, కొన్ని వారాల తర్వాత, కాస్త ఆగడం నేర్పవచ్చు. మొదటి వారంలో కొరకడం పెరగవచ్చు కూడా. పాత తాళంచెవి పనిచేయకపోతే ఎవరైనా ముందు దాన్నే గట్టిగా తిప్పుతారు. ఆ రోజులకోసం మణికట్టుకు మెత్తటి పట్టీ వేశారు. అది చర్మాన్ని కాపాడుతుంది, చెయ్యి ఆడుతుంది.

చీరపేలికను ఒక్కరోజులో మానలేదు. పైపు పట్టుకునే అయిదు నిమిషాలు విప్పారు, ఎందుకంటే అప్పుడు రెండు చేతులకూ పని ఉంది. తర్వాత పది. తర్వాత స్నానం నుంచి టిఫిను దాకా. ఈ విప్పడంలో వింతయిన చిక్కు ఒకటుంది. చాలాకాలం కట్టుతో బతికినవాళ్ళలో కొందరికి కట్టు లేకపోతేనే భయం. చేతులు చొక్కాలో దూర్చుకుంటారు, తాడు తెచ్చి మన చేతికిస్తారు. ‘చూడండి, వాడికే ఇష్టం’ అని దాన్ని సాకుగా చూపకూడదు. తన చేతుల మీద తనకే నమ్మకం పోయిన మనిషి అడుగుతున్న సాయం అది.

చట్టం ఏమంటోంది? 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గాను నమ్ముకుని వచ్చిన మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్ళు కదల్లేకపోయారు. 28 మంది చనిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్‌లో, ఏ రూపంలోనూ గొలుసు వేయకూడదని రాసుకున్నాం. 97వ సెక్షన్ ఏకాంత నిర్బంధాన్ని పూర్తిగా నిషేధించింది. కట్టడమన్నది తక్షణ ప్రమాదం ఆపడానికి వేరే దారి లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంతసేపే. శిక్షగా పనికిరాదు. సిబ్బంది తక్కువన్న కారణమూ పనికిరాదు. రోగి తరఫున ఎంచుకున్న ప్రతినిధికి 24 గంటల్లో చెప్పాలి. ప్రతి ఘటనా నెలనెలా సమీక్షా బోర్డుకు చేరాలి.

ఇంత మంచి సెక్షన్ మన అబ్బాయికి వర్తించదు. ఆ చట్టం మానసిక జబ్బుకు ఇచ్చిన నిర్వచనంలోంచి బుద్ధిమాంద్యాన్ని మినహాయించింది. జబ్బు కాని దాన్ని జబ్బు అనకపోవడం సరైనదే. కానీ ఆ మినహాయింపుతో పాటే కట్టుకు పెట్టిన కట్టడి కూడా పోయింది. అతనికి దిక్కు 2016 వికలాంగుల హక్కుల చట్టం. అది క్రూరమైన, అమానుషమైన వ్యవహారం నుంచి రక్షణ ఇస్తుంది, దాడికి శిక్ష వేస్తుంది, సంస్థలు నమోదు కావాలంటుంది. ఎంతసేపు కట్టవచ్చు, ఎవరు సరేననాలి, ఎక్కడ రాయాలి అన్న వివరం అందులో లేదు. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ గేటు లోపల కట్టిన ముడికి లెక్క ఉంది. అదే ఊరి శివారు హోమ్‌లో కట్టిన ముడికి లేదు. 2014లో హ్యూమన్ రైట్స్ వాచ్ బెంగళూరు, మైసూరు సహా ఆరు నగరాల్లో తిరిగి, మానసిక, మేధో వైకల్యాలున్న ఆడవాళ్ళను సంస్థల్లో ఎలా ఉంచుతున్నారో నివేదిక రాసింది. ఆ తర్వాత వచ్చిన రెండు చట్టాలూ ఆ గదుల్లో సగం తలుపులే తెరిచాయి. 97వ సెక్షన్‌ను దాదాపు ఉన్నదున్నట్టుగా హోమ్‌లకు కూడా నియమంగా తేవచ్చు. తేవాలి. నోటుపుస్తకం ఖర్చు ఎంత?

మనుషుల ఖర్చు మాత్రం ఉంది, దాన్ని దాచను. 2018లో ఇంగ్లండులో ఏంజెలా హసియోటిస్ బృందం 23 కేంద్రాల్లో, 246 మందితో సానుకూల ప్రవర్తన తోడ్పాటు పద్ధతిని పరీక్షించింది. సిబ్బందికి శిక్షణ ఇచ్చి ఏడాది తర్వాత చూస్తే, మామూలు సేవలకూ దీనికీ తేడా కనిపించలేదు. ఈ పద్ధతిని నమ్మే నాలాంటివాళ్ళకు అది మింగుడుపడని ఫలితమే. కొన్ని రోజుల తరగతులతో సిబ్బందిని పంపించి, వాళ్ళ చేతినిండా మునుపటి పనే ఉంచితే, రాసిన ప్రణాళిక ఫైలులోనే ఉంటుందని నేను దాన్ని చదువుకున్నాను. ఆటిజం ఉన్న పెద్దలు కొందరు అడిగే ప్రశ్న ఇంకా లోతైనది: ‘అల్లరి తగ్గింది సరే, తువ్వాళ్ళు మడవాలని ఎవరు నిర్ణయించారు?’ అని. దానికి మన అబ్బాయి విషయంలో జవాబు దొరికింది. అతను ఇప్పుడు తువ్వాళ్ళు మడవడం లేదు. పొద్దున, సాయంత్రం మొక్కలకు నీళ్ళు పెడుతున్నాడు.

పుస్తకంలో చివరి పేజీలు చూస్తే, పగటి గళ్ళలో కొరకడం అప్పుడప్పుడు ఉంది. చీరపేలిక అన్న మాట లేదు. రాత్రి గళ్ళు వేరే చేతిరాతలో, హిందీలో ఉన్నాయి. రాత్రి పద్నాలుగు మందికీ ఒక్కడే కాపలా. రెండు గంటలకు అబ్బాయి లేచాడు, ఏదో అన్నాడు, కొరుక్కున్నాడు, కట్టాను, పడుకున్నాడు. అబ్బాయి ఏమన్నాడో రాయాల్సిన చోట ఆ కుర్రవాడు తనకు వినిపించినట్టే, దేవనాగరిలో, రెండక్షరాలు రాశాడు: సాలు.

మర్నాడు ఉదయం ఆయా ఆ పేజీ తిరగేసి, డ్యూటీ దిగి చెప్పులు వేసుకుంటున్న అతన్ని వెనక్కి పిలిచింది.